మైకు ముందు గొంతు తగ్గించిన మనిషి

తెలుగు టాకీ కథ – 9వ భాగం: చిత్తూరు వి. నాగయ్య

కిందటి సంచికలో హెచ్.ఎం. రెడ్డిగారి దగ్గర ఆగాం. 1932లో 'భక్త ప్రహ్లాద' విడుదలై తెలుగు బొమ్మకు మాట వచ్చింది. ఆ తర్వాత అయిదారేళ్ల పాటు తెరమీద వినిపించిన మాట మాత్రం నాటకాల పందిట్లోంచి నేరుగా లేచొచ్చిన మాటే. పద్యాలు అవే, రాగాలు అవే, చెయ్యెత్తి చూపే తీరూ అదే.

పందిట్లో ఆ గొంతుకు పని ఉంది. ఊరికి మైకు రాని రోజులు. పెట్రోమాక్సు లైటు కింద రాజు వేషగాడు పద్యం ఎత్తుకుంటే, ఎక్కడో చివర చాప పరుచుకుని కూర్చున్న రైతు చెవిన ప్రతి అక్షరం పడాలి. హార్మోనియం శ్రుతి మీద మాట పైకి లేవాలి. పద్యం అయ్యాక రాగం సాగాలి. వన్స్ మోర్ అని కేక పడితే మళ్లీ మొదటినుంచి అందుకోవాలి. అలా పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు పాడి పాడి రాటుదేలిన గొంతులు మద్రాసు, కలకత్తా, బొంబాయి స్టూడియోలకు వెళ్లాయి. అక్కడ మైకు నెత్తిమీదే వేలాడుతోంది. కెమెరా నాలుగడుగుల దూరంలో ఉంది. అయినా వాళ్లు పాడింది ఆ చివరి చాపమీది రైతు కోసమే. పాపం, వాళ్ల తప్పేముంది! ఎదురుగా వెయ్యిమంది లేరనీ, ఉన్నది ఒక్క చెవేననీ ఎవరూ చెప్పలేదు.

ఆ సంగతి చెప్పకుండానే తెలుసుకున్నవాడు చిత్తూరు వి. నాగయ్య. ఈ భాగం ఆయనది. నాగయ్యగారి పేరెత్తితే మనవాళ్లు వెంటనే ఆయన దానధర్మాలు, ఆఖరి రోజుల బీదరికం అందుకుంటారు. ఆ కథ నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కాని ఆ కథ చెప్పుకుని చెప్పుకుని, ఆయన అసలు ఏం పని చేశారన్నది మరిచిపోయాం. తెలుగు తెరమీద నటుడి గొంతును పందిట్లోంచి ఇంటి వసారాలోకి తీసుకొచ్చింది ఆయన. నా లెక్కలో అదే పెద్ద పని.

పేరు ముందు చిత్తూరు ఉన్నా పుట్టింది రేపల్లెలో, 1904 మార్చి 28న. ఇంటిపేరు ఉప్పలదడియం. పూర్తి పేరు నాగయ్య శర్మ. పెరిగింది కుప్పంలో. ఇప్పటికీ కుప్పం బజారులో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. కోస్తా గాలి తగిలిన కుటుంబం, మూడు భాషల పొలిమేర, పక్కనే తమిళ దేశపు కచేరీ సంగీతం. ఈ మూడూ కలిసిన పిల్లవాడు తర్వాత తమిళ సినిమాల్లోనూ పెద్ద నటుడయ్యాడంటే ఆశ్చర్యపోనక్కరలేదు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి విడదీసి చిత్తూరు జిల్లా ఏర్పాటు చేశారు. నాగయ్య ఎదిగిన కాలమూ, ఆ కొత్త జిల్లా తన తెలుగుతనాన్ని కూడదీసుకుంటున్న కాలమూ ఒకటే.

చిత్తూరులో రామవిలాస సభ అనే నాటక సమాజం ఉండేది. నాగయ్య అక్కడ నటించారు, పాడారు, గ్రామఫోను రికార్డులకు గొంతిచ్చారు. పొట్టకూటికి సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ, ఆ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'ఆంధ్రపత్రిక'కు విలేకరిపని. 1930లో ఉప్పు సత్యాగ్రహం వస్తే అందులోకీ దిగారు. విలేకరిగా తిరిగిన మనిషి జనం మాట్లాడుకునే తీరు వింటాడు. సత్యాగ్రహంలో నడిచిన మనిషికి గట్టిగా అరవకుండానే పదిమందిని కదిలించే మాట ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆయన నటనలోని నెమ్మదికి ఈ రెండూ కొంత కారణమని నేను అనుకుంటాను.

1938లో రోహిణీ సంస్థ 'గృహలక్ష్మి' తీసింది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. కన్నాంబ, కాంచనమాల ఉన్న సినిమాలో నాగయ్యది గోపీనాథ్ అనే దేశభక్తుడి వేషం. వయసు ముప్పైనాలుగు. కథానాయకుడు కాదు. కాని సినిమా చూసి వచ్చినవాళ్లు ఆయన పాడిన కల్లు మానమనే పాట పట్టుకుని వచ్చారు. ఆ పాటకు ఒక వేళ కూడా కలిసొచ్చింది. మద్రాసు రాజధానిలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే ఆ పాట ఊళ్లలో తిరుగుతున్న రోజుల్లోనే నాగయ్య సొంత జిల్లాలో కల్లు దుకాణాలు మూతపడుతున్నాయి.

'గృహలక్ష్మి' బృందంలోని కొందరు బయటికి వచ్చి వాహినీ సంస్థ పెట్టారు. కడప జిల్లా బి.ఎన్. రెడ్డి, తాడిపత్రి నుంచి మూలా నారాయణస్వామి, కె.వి. రెడ్డి, రచనకు సముద్రాల రాఘవాచార్య, కెమెరాకు రామ్‌నాథ్, కళకు శేఖర్. తెలుగు సినిమాలో ఇంత పొందికైన జట్టు అంతకుముందు లేదు. వాళ్లకు కావలసిన గొంతు నాగయ్య దగ్గర దొరికింది. లేదా నాగయ్య గొంతు విన్నాకే వాళ్లకు తమ సినిమా ఎలా ఉండాలో తెలిసింది. ఏది ముందో తేల్చడం కష్టం.

వాహినీ తొలి మూడు చిత్రాలు వరసగా చూడండి. 1939లో 'వందేమాతరం'. అందులో నాగయ్య చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు. పక్కన కాంచనమాల. 1940లో 'సుమంగళి'. అందులో ముసలి సంస్కర్త, వీరేశలింగం పంతులుగారి పోలికలతో మలిచిన పాత్ర. అప్పటికి నాగయ్యకు ముప్పైఆరేళ్లే. 1941లో 'దేవత'. అందులో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన బారిస్టరు. ఇంట్లో పనిపిల్లను ప్రేమించి, ఆమెకు అన్యాయం చేసి, ఆ తప్పు మోస్తూ తిరిగే మనిషి. మూడేళ్లలో మూడు వయసులు, మూడు మనసులు. నాగయ్య అంటే తులసిమాల, తంబూర అని స్థిరపడిపోయిన మన తలపులకు ఈ మూడు సినిమాలూ అడ్డొస్తాయి. 'దేవత'లో ఆయన కోటు వేసుకున్న మనిషి, బలహీనుడు. తప్పు చేసినవాడి ముఖంలో ఉండే మొద్దుబారినతనం ఆయన అందులో చూపించారు. అప్పటి తెరమీద మరెవరికీ అది చాతకాలేదు.

అదే 1941లో తమిళంలో 'అశోక్ కుమార్' వచ్చింది. ఎం.కె. త్యాగరాజ భాగవతార్ కుణాలుడు, కన్నాంబ తిష్యరక్షిత, నాగయ్య అశోక చక్రవర్తి. సవతితల్లి మోహం, కొడుకు కాదనడం, అబద్ధపు నేరం, కళ్లు పోగొట్టుకోవడం. మన 'సారంగధర' చూసినవాళ్లకు ఈ కథ పాతదే. సారంగధర నాటకాల మధ్య పెరిగిన నాగయ్యకైతే మరీ పాతది. తమిళనాట ఊరూరా పాడుకునే భాగవతార్ ఎదురుగా ఉండగా నాగయ్య పోటీకి దిగలేదు. మోసపోయిన తండ్రిగా నిలబడ్డారు. తమిళ ప్రేక్షకులు ఆయన్ను తమవాడిగా కలుపుకున్నారు.

ఇక 'భక్త పోతన'. కె.వి. రెడ్డికి దర్శకుడిగా మొదటి చిత్రం. అంతకుముందు మరాఠీలో ప్రభాత్ వాళ్లు 1936లో 'సంత్ తుకారాం' తీశారు. విష్ణుపంత్ పాగ్నిస్ అనే రంగస్థల గాయకుడు తుకారాంగా నటిస్తే, అది మహారాష్ట్ర దాటి వెనిస్ ఉత్సవం దాకా వెళ్లింది. భక్తుడి కథను మాయలూ మంత్రాల ఆర్భాటంగా కాకుండా ఒక బీద గృహస్థు కథగా చెప్పవచ్చని ఆ సినిమా చూపించింది. పోతన కూడా గృహస్థే. నాగలి పట్టిన చేత్తోనే గంటం పట్టాడని మనవాళ్లు చెప్పుకునే కవి. భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్న కవి.

సినిమా తీస్తున్న కాలం మామూలు కాలం కాదు. 1942 వేసవిలో జపాను బాంబుల భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. స్టూడియోలు ఆగాయి, నటులు సొంతూళ్లు పట్టారు. ముడి ఫిల్ము కరువైంది. ఆ గండాలన్నీ దాటి 1943లో 'భక్త పోతన' జనం ముందుకు వచ్చింది. యుద్ధం, రేషను, కరువు మాటల మధ్య బతుకుతున్న జనానికి, రాజు పిలిచినా వెళ్లని ఒక రైతు కనిపించాడు.

పోతనగా నాగయ్య చేసింది చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఆయన పద్యాన్ని చదివినట్టు పాడారు. పందిరి పద్యంలో రాగం ముందు నడుస్తుంది, మాట వెనక దొర్లుతూ వస్తుంది. నాగయ్య పద్యంలో మాట ముందుంటుంది. సమాసం ఎక్కడ విరగాలో అక్కడ విరుగుతుంది, అర్థం పూర్తయిన చోట చిన్న ఊపిరి, ఆ ఊపిరిలోంచి రాగం కొంచెంగా తొంగిచూసి తప్పుకుంటుంది. పాడుతున్నంతసేపూ మెడనరాలు ఉబ్బవు. కళ్లు జనాన్ని వెతకవు. అరుగుమీద తనకోసం చదువుకుంటున్న మనిషిని పక్కింటి గోడ మీంచి మనం విన్నట్టు ఉంటుంది. మా ఇళ్లలో పెద్దవాళ్లు భాగవత పద్యం చదివితే ఆ విరుపులే వినిపించేవి. అవి వాళ్ల గురువుల దగ్గర నేర్చినవో, 'భక్త పోతన' ఆడిన హాల్లో నేర్చినవో వాళ్లకే గుర్తులేదు.

1945లో 'స్వర్గసీమ'. మళ్లీ బి.ఎన్. రెడ్డి, మళ్లీ సాంఘికం. భార్యా పిల్లల్ని వదిలి నటి వెంట పడిన పత్రికా సంపాదకుడు మూర్తిగా నాగయ్య, నటిగా భానుమతి, భార్యగా బి. జయమ్మ. పోతనను చూసి చేతులు జోడించిన జనమే ఇక్కడ ఆయన పతనాన్ని చూశారు. ఈ ధైర్యం నాకు నచ్చుతుంది. అదే ఏడాది తమిళ 'మీరా'లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పక్కన రాణాగా కనిపించారు. అక్కడ భక్తి ఆమెది, అది అర్థంకాక నలిగిపోయే భర్త ఈయన.

తర్వాత 'త్యాగయ్య'. 1946. సొంత సంస్థ రేణుకా ఫిలిమ్స్, సొంత దర్శకత్వం, సొంత సంగీతం. మరుసటి ఏడు, 1947 జనవరికి త్యాగరాజస్వామి సిద్ధి పొంది సరిగ్గా నూరేళ్లు. తెలుగువాడు, తమిళ దేశంలో కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని తెలుగులో పాడిన మహానుభావుడు. ఆయన కథ చెప్పడానికి కుప్పం పొలిమేరలో పెరిగి మద్రాసులో స్థిరపడిన నాగయ్య కంటే తగినవాడు ఎవరు? భాష తెలుగు, గాలి తమిళం, సంగీతం ఇద్దరిదీ. ఆ గీత మీదే నాగయ్య జీవితమంతా గడిచింది.

అన్న జపేశుడు రాముడి విగ్రహాల్ని కావేరిలో పారేస్తే త్యాగయ్య వాటికోసం వెతుకుతూ తిరిగాడన్న కథ మనకు తెలిసిందే. ఆ దుఃఖాన్ని గుండెలు బాదుకుని చూపించడానికి ఎంత చోటుందో! నాగయ్య దాన్ని సంగీతానికి అప్పగించారు. త్యాగయ్య ఏడవవలసిన చోట పాడతాడు. పాడుతున్నప్పుడు గొంతు వణకదు. శ్రుతి నిలబడే ఉంటుంది, ముఖం మాత్రం చితికిపోయి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న ఎడంలో ప్రేక్షకుడి కళ్లు తడుస్తాయి. విద్వాంసులు కచేరీలో పాడే కృతికీ నాగయ్య పాడిన కృతికీ తేడా ఉంది. ఆయన గొంతుకు పెద్ద విద్వాంసుల వేగం, గమకాల బరువు లేవు. సంగతులు పొదుపుగా వేస్తారు. కాని ఆ కృతి అప్పుడే పుడుతోందన్న నమ్మకం మనకు కలుగుతుంది. సంగీతం తెలియని ఇళ్లకు త్యాగరాజ కీర్తన తొలిసారి చేరింది చాలావరకు ఈ సినిమా దారినే. సభల మెట్లెక్కని జనం టూరింగు టాకీసు నేలమీద కూర్చుని త్యాగయ్యను విన్నారు.

అటుపిమ్మట 1947లో 'యోగి వేమన'. నేను మళ్లీ మళ్లీ చూసే సినిమా ఇదే. ఇక్కడ కొంచెం ఆగుతాను.

వేమన గురించి చరిత్రకు గట్టిగా తెలిసింది తక్కువ. 1829లో సి.పి. బ్రౌను ఆయన పద్యాలు అచ్చువేయించే నాటికే మనిషి కథ జనం నోళ్లలో నానా రకాలుగా సాగుతోంది. కె.వి. రెడ్డి ఆ కథల్లోంచి ఒక దారి ఎంచుకున్నారు. కొండవీటి రెడ్ల ఇంటి చిన్నవాడు, మోహనాంగి అనే భోగకాంత మీద మోజు, అన్న కూతురు జ్యోతి అంటే ప్రాణం, మిత్రుడు అభిరాముడితో కలిసి బంగారం చేసే విద్య వెంట పరుగు. మోహనాంగిగా ఎం.వి. రాజమ్మ, అభిరాముడిగా ముదిగొండ లింగమూర్తి నటించారు. వేమన బంగారం పిచ్చిలో ఉండగా ఇంట్లో జ్యోతి జబ్బుపడి చనిపోతుంది.

అక్కడినుంచి శ్మశానం. చిన్న పిల్లను మట్టిచేసిన చోటికి ఆ బాబాయి వెళతాడు. నాగయ్య ఆ ఘట్టంలో దాదాపు ఏమీ చెయ్యరు. చేతులు ఊరికే వేలాడుతుంటాయి. నడక మారిపోయి ఉంటుంది. భోగి నడిచే నడకలో భుజాలు కొంచెం వెనక్కి ఉంటాయి, ఇక్కడ అవి ముందుకు జారాయి. చుట్టూ పడివున్న పుర్రెల్ని, ఎముకల్ని చూస్తాడు. ఆ చూపులో మొదట భయం లేదు, వైరాగ్యమూ లేదు. మనిషి ఇంతేనా అని అడిగే పసిపిల్లవాడి చూపు. పాట కూడా అక్కడ ప్రశ్నగానే మొదలవుతుంది. గొంతు బాగా కింది స్థాయిలో, మాటకూ రాగానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. వేదాంతం చెప్పబోతున్నానన్న ఆనవాలు ఒక్కటీ ఉండదు. యోగి కాబోయేవాడని మనకు ముందే తెలుసు, టైటిల్లోనే ఉంది. నాగయ్యకు మాత్రం ఆ క్షణంలో తెలియదు. పిల్ల పోయిన మనిషికి ఎంత తెలుస్తుందో అంతే తెలుసు. నటనలో ఇంతకంటే కష్టమైన విద్య ఉందని నేను అనుకోను.

సినిమాకు డబ్బు పెద్దగా రాలేదు. విమర్శకులు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. 'ఫిల్మ్ ఇండియా' సంపాదకుడు బాబూరావు పటేల్ నాగయ్యను భారతదేశపు పాల్ మ్యూని అన్న మాట అప్పటినుంచీ ప్రతి వ్యాసంలోనూ వస్తోంది. మ్యూని ఎవరో ఇప్పటి పాఠకులకు చెప్పాలి. అమెరికాలో లూయీ పాశ్చర్, ఎమిలీ జోలా వంటి చరిత్ర పురుషుల్ని ధరించి పేరు తెచ్చుకున్న నటుడు, 1936లో పాశ్చర్‌గా నటించి ఆస్కారు అందుకున్నవాడు. పోలిక అక్కడిదాకా సరిపోతుంది. మ్యూని మీసాలు, గడ్డాలు, నడకలు శ్రద్ధగా మార్చేవాడు. నాగయ్య ముఖం పెద్దగా మారదు. పోతన, త్యాగయ్య, వేమన ముగ్గురికీ అదే ముఖం, మూడు వేరు వేరు నిశ్శబ్దాలు.

యాభైల్లోకి వచ్చాం. 1950లో కోయంబత్తూరు పక్షిరాజా వాళ్లు విక్టర్ హ్యూగో నవలను తమిళంలో 'ఏళై పడుం పాడు', తెలుగులో 'బీదల పాట్లు'గా తీశారు. వాహినీలో నాగయ్య తొలి చిత్రాలకు కెమెరా పట్టిన రామ్‌నాథ్ దర్శకుడు. రొట్టె దొంగిలించి జైలుకు వెళ్లి, మంచితనం ఎదురై మారిపోయే జాన్ వాల్జాన్ పాత్ర నాగయ్యది. అతణ్ణి వెంటాడే పోలీసు జావర్ వేషం వేసిన సీతారామన్‌కు ఆ తర్వాత జీవితాంతం 'జావర్ సీతారామన్' అనే పేరే నిలిచిపోయింది. నాగయ్యలోని భక్తుడికీ, 'దేవత'లోని దోషికీ ఈ పాత్రలో కలుసుకునే చోటు దొరికింది.

ఆ తర్వాత ఆయన నెమ్మదిగా పక్కకు జరిగారు. కారణం దానధర్మాలే అని అందరూ అంటారు. డబ్బు పోవడానికి అది కారణమేమో కాని, ప్రధాన వేషాలు పోవడానికి అసలు కారణం సాంకేతికం. తొలి టాకీల్లో నటుడే పాడాలి. కెమెరా ముందే, వాద్యగాళ్లు ఫ్రేము పక్కన కూర్చుని వాయిస్తుండగానే పాడాలి. అందుకే పాడగలవాడే కథానాయకుడు. నలభైల చివరికి ప్లేబాక్ పద్ధతి కుదురుకుంది. ఘంటసాల గొంతు వినిపించిన తొలి సినిమాల్లో నాగయ్య నాయకుడిగా చేసిన 'స్వర్గసీమ' ఒకటి. 1951లో 'పాతాళ భైరవి', 1953లో 'దేవదాసు' వచ్చేసరికి ముఖం ఒకరిది, పాట ఒకరిది అన్న ఏర్పాటును జనం సంతోషంగా ఒప్పుకున్నారు. రామారావు, నాగేశ్వరరావులు వయసులో ఉన్నారు, వాళ్లకు ఘంటసాల గొంతు ఉంది. నాగయ్య గొప్పతనమంతా పాటా మాటా ఒకే ఊపిరిలోంచి రావడంలో ఉంది. ఆ ఊపిరిని రెండుగా విడదీశాక పరిశ్రమకు ఆయన సగమే అవసరపడ్డారు.

సొంత చిత్రాలు మిగిలిన డబ్బును తినేశాయి. 1953లో తెలుగు, తమిళాల్లో తీసిన 'నా ఇల్లు' దెబ్బతీసింది. భక్త రామదాసు కథ ఆయన ఎన్నాళ్లో మోసిన కల. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, తానీషా ఖజానా సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లున్న భక్తుడు. పోతన, త్యాగయ్య, వేమనల తర్వాత ఈ నాలుగో బొమ్మ ఆయనకు బాకీ మిగిలింది. అరవయ్యేళ్ల వయసులో, 1964లో, అప్పోసప్పో చేసి ఆ బాకీ తీర్చుకున్నారు. కబీరుగా గుమ్మడి నటిస్తే మహమ్మద్ రఫీ చేత తెలుగులో పాడించారు. సినిమా ఆడలేదు. చెరసాలలో రామదాసును చూస్తుంటే గొంతు సన్నబడిందని తెలుస్తుంది. ఊపిరి తొందరగా అయిపోతోంది. మాట ముందు, రాగం వెనక అన్న ఆ పాత పద్ధతి మాత్రం చెదరలేదు.

దానధర్మాల సంగతి. మద్రాసులో ఆయన ఇంట రోజూ పంక్తి భోజనాలు నడిచేవి. వేషాల కోసం వచ్చినవాళ్లు, చదువుకు డబ్బు కావలసినవాళ్లు, పెళ్లి ఖర్చుకని వచ్చినవాళ్లు, ఊరికే ఆకలేసినవాళ్లు. అడిగితే లేదనేవారు కాదు. ఆఖరికి ఇల్లూ వాకిలీ కరిగిపోయి చిన్నచిన్న వేషాలకు చిన్నచిన్న మొత్తాలు పుచ్చుకునే స్థితి వచ్చింది. సినిమావాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు ఇదొక పాఠంగా చెబుతారు, నాగయ్యగారిలా చెయ్యకు, జాగ్రత్తపడు అని. నాకది ఎప్పుడూ మనసుకు పట్టలేదు. పోతనగా, త్యాగయ్యగా నటించిన మనిషి ఇంటి ముందు నిలబడి చెయ్యి చాపినవాడికి, ఆ తెరమీది మనిషి వేరు నేను వేరు అని చెప్పలేకపోయారు ఆయన. జనం ఆయన్ను అలాగే చూశారు, ఆయన ఆ చూపుకు కట్టుబడ్డారు. దీన్ని లెక్కలు తెలియనితనం కింద రాసెయ్యడం అన్యాయం. ఆయన అన్నం తిన్నవాళ్లలో ఎందరికో ఆ తర్వాత పెద్ద ఇళ్లు వచ్చాయి. ఆయనకు ఆఖరి రోజుల్లో ఒక భరోసా లేకపోవడం ఎవరి తప్పో ఆలోచిస్తే, వేలు నాగయ్య వైపు తిరగకూడదు.

1965లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే ఆయన తండ్రి వేషాల నాగయ్య. 'తెనాలి రామకృష్ణ'లో తిమ్మరుసు, 'లవకుశ'లో వాల్మీకి. 1957 నాటి 'పాండురంగ మహాత్మ్యం'లో పుండరీకుడి తండ్రి. ఆ తండ్రిని ఓసారి చూడండి. రామారావు పుండరీకుడు, నాగయ్య, ఋష్యేంద్రమణి తల్లిదండ్రులు. కొడుకు ఇంట్లోంచి పొమ్మన్నప్పుడు ఆ తండ్రి ఒక్క శాపం పెట్టడు, గొంతు పెంచడు. భార్య వైపు తిరిగిన ఆ ముఖంలో, ఈమెను ఎలా నడిపించుకుని వెళ్లాలా అన్న దిగులు ఒక్కటే ఉంటుంది. కొడుకు మీద కోపం రావడానికి కూడా తీరిక లేని ముసలితనం అది. పాటలు ఘంటసాలవి, కథ రామారావుది, కాని ఆ ఒక్క నిమిషం సినిమాను నాగయ్య తన చేతిలోకి తీసుకుంటారు.

1973 డిసెంబరు 30న మద్రాసులో ఆయన వెళ్లిపోయారు. తర్వాత 1981లో బాపు 'త్యాగయ్య' తీశారు, జె.వి. సోమయాజులుతో. 2006లో నాగార్జునతో 'శ్రీరామదాసు' వచ్చింది, ఊరూరా ఆడింది. ఆ నటులు ఎంత శ్రద్ధగా చేసినా, హాల్లో పెద్దవాళ్లు పక్కవాళ్లతో ఒకే మాట అనేవారు, నాగయ్య నాగయ్యే అని. చిత్తూరులో ఆయన పేరిట కళాక్షేత్రం ఉంది. నాటకాలు, సభలు జరుగుతాయి. రామవిలాస సభలో వేషం కట్టిన కుర్రాడి పేరు అదే ఊళ్లో రంగస్థలానికి ఉండటం బాగుంది.

మద్రాసులో టి.నగర్ వెళితే పానగల్ పార్కు దగ్గర నాగయ్య విగ్రహం కనిపిస్తుంది. పట్టుచీరల దుకాణాలు, పూలబండ్లు, దిగే జనం, ఎక్కే జనం. ఎవరిదో ఆ విగ్రహమని అడిగితే చాలామంది తెలియదంటారు. ఆ పార్కుకు ఆ పేరు వచ్చింది పానగల్ రాజా రామారాయణింగారు వల్ల. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న ఆయనది కాళహస్తి. ఇద్దరూ చిత్తూరు సీమవాళ్లే, ఒకరు పాలించడానికి, ఒకరు పాడటానికి ఆ పట్నం వెళ్లారు. కిందటిసారి వెళ్లినప్పుడు పార్కు పిట్టగోడ మీద ఒక పెద్దాయన కూర్చుని ఫోనులో పాత పాటలు పెట్టుకుని వింటున్నాడు. తమిళుడు. రోడ్డు హోరులో పాట సరిగా వినబడక ఫోను చెవికి ఆనించుకున్నాడు. నేను పక్కకు వెళ్లి నిలబడితే కాస్త జరిగి చోటిచ్చాడు. త్యాగయ్య పాడుతున్నాడు. అంత రద్దీలోనూ ఆ గొంతు పైకి లేవలేదు. మేమిద్దరమే దాని దగ్గరికి వంగాం.

(వచ్చే సంచికలో: కన్నాంబ)